ఉప్పు అడిగే పాఠం

జెకర్యా మాస్టారు జర్మనీలో ఇరవై ఏళ్ళు నర్సుగా చేసి గుంటూరు తిరిగొచ్చిన మనిషి. ఆయన దగ్గర జర్మన్ నేర్చుకునే నర్సులందరికీ మొదటి పాఠం ఒకటే: పక్కింటి తలుపు తట్టి "కాస్త ఉప్పుంటే ఇస్తారా?" అని అడగడం. ఇంటర్వ్యూలో ఉప్పు ఎవరడుగుతారని పిల్లలు నవ్వుకునేవారు. అందరికంటే ఎక్కువ నవ్విన సలోమి, రెండేళ్ళ తర్వాత ఒక కాగితం పట్టుకుని ఆయన ముందు నిలబడినప్పుడు నవ్వే స్థితిలో లేదు.

అరవై ఆసుపత్రులకు దరఖాస్తు పెడితే ఒక్కటి పలికింది. వీసా తామే ఇప్పిస్తామంది, రెండేళ్ళు తమ దగ్గరే చెయ్యాలంది. శుక్రవారంలోగా సంతకం చేసి పంపాలి. ఆమె హాస్టలు గదిలో మూడు మంచాలుంటే రెండు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. జర్మనీ వెళ్ళిపోయిన ఆ పిల్లల్లాగే తానూ వెళ్ళాలని ఇన్నాళ్ళూ తపించింది. తీరా కాగితం చేతికొచ్చాక భయం పట్టుకుంది.

"అక్కడ నాకెవరూ లేరు మాస్టారూ. వెళ్ళమంటారా, మానమంటారా?"

మాస్టారు కాగితం తిరగేశారు. ఆపద వస్తే ఆ దేశంలో ఎవరికి కబురు చెయ్యాలో రాయమన్న గడిలో సలోమి పెన్సిలుతో ఆసుపత్రి పేరే రాసి ఉంచింది. తీసుకెళ్ళేది వాళ్ళే కాబట్టి చూసుకునేదీ వాళ్ళేనని ఆమె నమ్మకం.

"నేనూ ఇదే రాశాను," అంటూ ఆయన తన సంగతి చెప్పారు.

మొదటి చలికాలంలోనే ఆయన మంచు మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. కబురందుకుని ఆసుపత్రి ఆఫీసు నుంచి ఒకాయన పూలు పట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడే. డాక్టర్ని మాత్రం ఒక్క మాటే అడిగాడు: "డ్యూటీకి ఎప్పుడు రాగలడు?"

కట్టుతో గదికి చేరాక పదకొండు రోజులు ఆ తలుపు ఎవరూ తట్టలేదు. బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది, మాట్లాడే మనిషే లేడు. గోడ అవతల ఎవరో ముసలావిడ దగ్గుతుండేది. పన్నెండో రోజు ఆయన కుంటుకుంటూ వెళ్ళి ఆ తలుపు తట్టారు. ఏమడగాలో తోచక ఉప్పు అడిగారు. తన గదిలో డబ్బా నిండా ఉప్పుంది. ఆవిడ ఆయన కాలు వంక చూసి, రెండో కుర్చీ మీద పేరుకున్న బట్టలు తీసేసి కూర్చోమంది.

సలోమి మెల్లగా అడిగింది. "ఇంతకీ సంతకం పెట్టమంటారా?"

మాస్టారు ఆ గడిలోని పేరు రబ్బరుతో చెరిపి కాగితం తిరిగిచ్చారు.

"పెట్టమ్మా. వెళ్ళాక ఉప్పు మాత్రం కొనుక్కోకు."