కోడలు లేని పూట

ఒక పెట్టెలో ఒక కుటుంబం కాపురం ఉండేది. ఆ పెట్టెను బయటివాళ్ళు కంప్యూటర్ అనేవాళ్ళు. లోపలివాళ్ళు మాత్రం "మా ఇల్లు" అనుకునేవాళ్ళు.

ఇంటికి పెద్ద లెక్కలాయన. ఏది అడిగినా చిటికెలో లెక్క కట్టి చెప్పేవాడు. తన లెక్క తప్పదని ఆయనకు మహా గర్వం. నెత్తిమీద ఒక ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూ ఉండాల్సిందే, లేకపోతే బుర్ర మాడిపోతుంది. పక్కన ర్యామమ్మ. చురుకైన మనిషే, కాదనను. చేతిలో పని ఉన్నంతసేపూ అన్నీ గుర్తుంటాయి. స్విచ్చి కట్టేశారా, ఆవిడ పేరు ఆవిడకే గుర్తుండదు. మూలన డిస్కు తాత. ఆయన ఏదీ మర్చిపోడు, ఆయనతో వచ్చిన చిక్కే అది.

వీళ్ళందరికీ పెట్టేది వడ్డనమ్మ. వెనకవైపు ఇనప డబ్బాలో ఆవిడ వంటిల్లు. గోడలోంచి వచ్చే కరెంటు వడ్లలాంటిది, అలాగే మింగితే ఎవరికైనా గొంతుకు అడ్డం పడుతుంది. ఆవిడ దాన్ని దంచి, చెరిగి, వండి, ఎవరికెంత అరుగుతుందో అంతే వడ్డించేది. తీగలే ఆవిడ గరిటెలు. అందరూ కూర్చునే పచ్చ పలకను మదర్‌బోర్డు అంటారు. చూశారా, అమ్మ అనే పేరేమో పలకకి, అన్నం పెట్టే చాకిరీ ఏమో ఈవిడకి. ఆవిడ దానికేమీ అనుకోలేదు.

"నా పంక్తిలో కూర్చుని ఆకలితో లేచినవాళ్ళు లేరు," అనేది అంతే.

బయట ఆ పెట్టెగలావిడ ఇంట్లోనే కూర్చుని ఫ్లెక్సీలు తయారుచేసేది. పుట్టినరోజులకీ, ఓణీల ఫంక్షన్లకీ, కొట్ల ప్రారంభాలకీ ఆమె దగ్గరికే వచ్చేవారు. బొమ్మలు పెద్దవయ్యేసరికి పని నత్తనడక పట్టింది. ఆమె ముచ్చటపడి ఒక బొమ్మల కార్డు కొని పెట్టెలో పెట్టించింది. అలా ఆ ఇంటికి కోడలొచ్చింది.

కోడలు పనిమంతురాలు. ఎంత పెద్ద బొమ్మయినా ఇట్టే పరిచేసేది. పని ఎంతో తిండీ అంతే. ఆమె విస్తట్లో వడ్డిస్తుంటే వడ్డనమ్మకి కడుపు నిండినట్టుండేది. "పనిచేసే పిల్ల, తినకపోతే ఎలా?" అని ఇంకో గరిటె వేసేది.

కొన్నాళ్ళకి ఇల్లు ఆగిపోవడం మొదలైంది.

బొమ్మ సగంలో ఉండగా లెక్కలాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయేవాడు. ర్యామమ్మ చేతిలోవన్నీ జారిపోయేవి. బయట తెరమీద బాణం గుర్తు మేకు కొట్టినట్టు నిలిచిపోయేది. "అయ్యో, ఇంకా సేవ్ చెయ్యలేదే!" అని ఇంటావిడ నెత్తి కొట్టుకునేది. బటను నొక్కి ఆర్పి, మళ్ళీ వేసేది. మొదట్లో వెంటనే లేచి కూర్చునేది ఇల్లు. పోనుపోను అదీ పోయింది. ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగేది, తెర నల్లగా ఉండేది.

లోపల పంచాయితీ పెట్టారు.

"కోడలొచ్చిన వేళ అలాంటిది. నేను మొదటిరోజే అన్నాను," అంది ర్యామమ్మ.

"నువ్వేమీ అనలేదు. నాకు గుర్తుంది," అన్నాడు డిస్కు తాత.

"అయితే ఇప్పుడంటున్నాను."

లెక్కలాయన గొంతు సవరించుకున్నాడు. "కోడలు రాకముందు ఇల్లు ఆగలేదు. వచ్చాక ఆగుతోంది. ఇందులో లెక్క కట్టడానికి ఏముంది?"

కోడలు తల దించుకుంది. పంచాయితీ చెదిరాక వంటింటి గుమ్మం దగ్గరికి జరిగి, మెల్లగా అంది: "అత్తా, నా విస్తట్లో తగ్గించు. నేను సగం తిని సరిపెట్టుకుంటాను."

"నోర్ముయ్యవే పిల్లా. నా చేత్తో ఒకరికి తగ్గించి పెట్టడమా?" అని కసిరింది వడ్డనమ్మ.

కసిరింది గానీ, ఆ కసురు ఎవరిమీదో ఆవిడకి తెలుసు. చాలాకాలంగా ఆవిడ చెయ్యి వణుకుతోంది. పంక్తి నిండుగా ఉన్నప్పుడు గరిటె కడదాకా వెళ్ళడం లేదు. ఎవరికి అందకపోతే వాళ్ళు ఆగిపోతున్నారు, వాళ్ళతోపాటు ఇల్లూ ఆగిపోతోంది. ఆ మాట బయటపెట్టాలంటే ఆవిడకి భయం. వడ్డించలేని దాన్ని ఎవరుంచుకుంటారు? పాత సామాన్ల బండి ఎక్కిస్తారు. ఆ భయంతోనే నోరు కుట్టుకుని కూర్చుంది. అది మంచిపని అని నేననను. కానీ ఆవిడను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.

బయట ఇంటావిడ భర్త, ఇంటాయన, మెకానిక్‌ని పిలుచుకొచ్చాడు. మెకానిక్ పెట్టెను బల్లమీదికెత్తి, పక్క తలుపు ఊడదీసి, లోపలికి ఉఫ్‌మని ఊదాడు. ముందు ర్యామమ్మను బయటికి లాగి, పెన్సిల్ రాతలు చెరిపే రబ్బరుతో ఒళ్ళంతా రుద్ది మళ్ళీ కూర్చోబెట్టాడు. ఇల్లు లేచింది.

"ఇంతేనమ్మా, దుమ్ము," అన్నాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ఇల్లు మళ్ళీ ఆగింది.

మెకానిక్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఈసారి కోడల్ని ఊడదీసి, బల్లమీద న్యూస్‌పేపరు పరిచి దానిమీద పడుకోబెట్టాడు. తెర తీగను పెట్టెకి పాత చోటే తగిలించి స్విచ్చి వేశాడు. ఇల్లు లేచింది. అటు తిప్పి, ఇటు తిప్పి, పాట పెట్టి, బొమ్మ గీసి చూశాడు. ఎక్కడా ఆగలేదు.

"దొరికింది మేడమ్. కొత్త కార్డే పాడు. రేపు కొట్లో తిరిగిచ్చేయండి. తీసుకోకపోతే దాన్ని పక్కన పారేయడమే."

"ఎంత మంచి రంగులొచ్చేవో దీంతో," అంది ఇంటావిడ. ఆమెకు నిజంగానే మనసు చివుక్కుమంది.

గాలి ఆడాలని పెట్టెకి పక్క తలుపు వెయ్యకుండా వెళ్ళాడు మెకానిక్. దాంతో లోపలివాళ్ళకి బల్ల, బల్లమీద పేపరు, పేపరుమీద కోడలు స్పష్టంగా కనిపిస్తున్నారు. కోడలు ఇటువైపు చూడటం లేదు. గొంతెత్తి ఏడిచినా బాగుండేది, అదీ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో పండగే. ముగ్గురే కూర్చున్నారు పంక్తికి. గరిటె సాఫీగా కడదాకా వెళ్ళింది. లెక్కలాయన వంచిన తల ఎత్తకుండా తిన్నాడు.

"పీడ విరగడైంది వదినా! చూశావా, నా లెక్క ఎలా నిలబడిందో!" అన్నాడు వడ్డనమ్మతో.

"పీడేమిటి?" అంది ర్యామమ్మ. స్విచ్చి కట్టి వేసేసరికి ఆవిడకి పంచాయితీ కూడా గుర్తులేదు. తాత మొదట్నుంచీ చెప్పడం మొదలెట్టాడు. అంతా కోడలి తప్పే అన్నట్టు చెప్పాడు, తనలో అలాగే రాసిపెట్టుకున్నాడు మరి.

వడ్డనమ్మ వడ్డిస్తూనే ఉంది. ఈ ముగ్గురికైతే ఇంకా కొన్నేళ్ళు నెట్టుకురాగలనని ఆవిడకు తెలిసిపోయింది. చెయ్యి వణకదు. ఎవరికీ అనుమానం రాదు. పాత సామాన్ల బండి ఈ వీధిలోకే రాదు. కావలసిందల్లా రేపు పొద్దున్న కోడలు ఈ గుమ్మం దాటడమే. అంత హాయైన ఆలోచన ఆవిడకి ఏళ్ళ తర్వాత తోచింది. తోచినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

పొద్దున్నే ఇంటాయన కోడల్ని ప్లాస్టిక్ కవర్లో వేసుకుని, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నాడు. "ఒక్క నిమిషం ఆగండి, మీరెళ్ళేలోగా బజారు సామాను చెబుతాను. ఈలోగా ఇది లేస్తుంది," అని ఇంటావిడ స్విచ్చి వేసింది.

లోపల ముగ్గురూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. వడ్డనమ్మ గరిటె పైకెత్తింది. ఎత్తి, ఎవరి విస్తట్లోనూ వెయ్యకుండా కింద పెట్టేసింది.

"ఏమిటి వదినా? వడ్డించు!" అన్నాడు లెక్కలాయన.

"లేదు."

"లేదంటే? నిన్న బ్రహ్మాండంగా పెట్టావుగా! ఇవాళ కోడలు కూడా లేదు కదా!"

"లేదుగా," అంది వడ్డనమ్మ. "అందుకే ఇవాళ."

ఆ మాట అని పొయ్యిలో ఉన్న నిప్పంతా ఒక్కసారి ఎగదోసింది. టప్‌మని చప్పుడైంది. కాలిన వాసన గదంతా కమ్మింది. ఇంటావిడ కెవ్వుమంది. ఇంటాయన ఒక చెప్పుతోనే లోపలికి పరిగెత్తుకొచ్చాడు, కవరు చేతిలోనే ఉంది.

మెకానిక్ మళ్ళీ వచ్చాడు. ఇనప డబ్బా విప్పి చూసి నోరు వెళ్ళబెట్టాడు. లోపల సీసాల్లాంటి చిన్న చిన్న గొట్టాలు, అన్నీ పైన ఉబ్బిపోయి, కొన్ని పగిలి జిగురు కారి ఉన్నాయి.

"ఇది ఇవాళ పోయింది కాదండీ. ఎప్పుడో అయిపోయింది. ఇన్నాళ్ళూ ఎలా లాక్కొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి."

"మరి కార్డు?" అన్నాడు ఇంటాయన.

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. "కార్డుకేం, బంగారం. తప్పు నాదే. దాన్ని తీస్తే బరువు తగ్గి నడిచింది. ఆ ర్యామ్ తీసినా, ఇంకోటేది తీసినా అలాగే నడిచేదేమో. నాకది తట్టలేదు. ఇవాళ కార్డు లేకుండానే పోయింది కాబట్టి సరిపోయింది. ఉండగా పోయుంటే, నింద దానిమీదే ఉండిపోయేది."

కొత్త డబ్బా కోసం మెకానిక్ కొట్టుకి వెళ్ళాడు. ఈలోగా బల్లమీద ఒకే పేపరు మీద అత్తాకోడళ్ళు పక్కపక్కన ఉన్నారు.

"అత్తా, ఇదంతా నాకోసమా?"

"నీకోసమా? నీకంత సీను లేదే పిల్లా. నాకే ఓపిక అయిపోయింది," అంది వడ్డనమ్మ. "వేళకి తిను. ఎవరేమన్నా తిండి మాత్రం తగ్గించకు."

వీధిలో పాత సామాన్ల బండివాడి కేక వినిపించింది. ఇంటాయన వడ్డనమ్మ డబ్బాను తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

కొత్త డబ్బా వచ్చింది. కోడలు తన చోటుకి తాను వచ్చింది. మెకానిక్ స్విచ్చి వేశాడు. ఇల్లు ఒక్క ఊపున లేచింది. ఇంటావిడ ముఖం వెలిగింది. ఆగిపోయిన ఫ్లెక్సీ తెరిచి, "ఉండండి, టీ తాగి వెళ్దురుగాని," అంది మెకానిక్‌తో.

పంక్తి నిండుగా ఉంది. కొత్తావిడ బలంగా వడ్డిస్తోంది. కడుపు నిండేసరికి లెక్కలాయనకి మాట వచ్చింది.

"అసలు దొంగ ఇప్పుడు దొరికింది. అన్నం పెడుతున్నట్టే పెట్టి, మనల్ని మాడ్చింది ఆవిడే. కోడల్ని తీశాక కూడా ఇల్లు ఆగింది. కాబట్టి తప్పు వడ్డనమ్మది. లెక్క తేలిపోయింది."

"నేను మొదటిరోజే అన్నాను," అంది ర్యామమ్మ.

తాత కొత్త లెక్కను పాతదాని మీద జాగ్రత్తగా రాసుకోబోయాడు.

"ఆగు తాతయ్యా," అంది కోడలు. ఆ ఇంటికొచ్చాక ఆమె గొంతెత్తడం అదే మొదలు. "మావయ్యా, ఒక చిన్న లెక్క ఉంది. ముందు అది కట్టి పెట్టండి."

"అడుగు, చిటికెలో చెబుతాను."

"నేను పంక్తిలో ఉన్నన్నాళ్ళూ అత్త తడబడింది. పడిపోయింది కూడా. కానీ ప్రతిసారీ మళ్ళీ లేచి పెట్టింది. నన్ను తీసేశాక బరువు తగ్గింది. మీరు ముగ్గురే. నిన్న సాయంత్రం అందరికీ కడుపునిండా పెట్టింది. అలాంటిది, నన్ను బయటికి తీసుకెళ్తున్న పూటే, నేను లేని పూటే చూసి పూర్తిగా ఆపేసింది. బరువు ఉన్నప్పుడు మోసినావిడ, బరువు దిగాక ఎందుకు పడిపోయింది?"

"ఓస్, ఇందులో ఏముంది..." అని మొదలెట్టాడు లెక్కలాయన.

మొదలెట్టి, ఆగాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ కట్టాడు. నిన్నటి సాయంత్రం తాను తల ఎత్తకుండా తిన్న పూట కూడా కలిపి కట్టాడు. ఎటునుంచి కట్టినా ఒకే జవాబు వస్తోంది. ఆ జవాబు ఆయన నోట రావడం లేదు. ర్యామమ్మ కళ్ళొత్తుకుంటోంది, ఈ ఒక్కటీ మర్చిపోకూడదని దాన్ని రెండు చేతులా పట్టుకుంది. తాత ఏమీ రాయలేకపోయాడు.

బయట తెరమీద బాణం గుర్తు నిలిచిపోయింది.

"అయ్యయ్యో, మళ్ళీ ఆగిపోయింది! చూడండి!" అంది ఇంటావిడ.

మెకానిక్ టీ గ్లాసు కింద పెట్టి వచ్చాడు. డబ్బామీద చెయ్యి వేసి చూశాడు. ఫ్యాను చూశాడు. తీగలు ఒక్కొక్కటే నొక్కి చూశాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి మేడమ్. కరెంటు నిండుగా అందుతోంది. ఏదీ పాడవలేదు."

"మరెందుకు ఆగింది?"

"నాకూ తెలీడం లేదు. ఏదో పెద్ద ఆలోచనలో పడ్డట్టుంది." ఆమె బటను మీదికి చెయ్యి చాపుతుంటే అతను వారించాడు. "వద్దండీ, ఆర్పకండి. కాసేపు దాన్ని అలా ఉండనివ్వండి."