నాంచారి పూలమాటలు

వానచినుకుల వేళ వరిమడి లోనా
వంగి నాటే పిల్లా, వెన్ను వాల్చబోకే
చెంగల్వా, ఓ చెంగల్వా...

ఆ తర్వాత ఏదో ఉంది. కొంగు తడవడమో, కొంగ ఎగరడమో. నాంచారికి పాట ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది.

అనగా అనగా, ఏరులకు ఇంకా వంతెనలు తెలియని కాలంలో, ఒక పెద్ద ఏటి రేవులో రాణిగారి సత్రం ఒకటి ఉండేది. పడవ దిగినవాళ్ళకూ, పడవ కోసం కాచుకున్నవాళ్ళకూ అక్కడ కడుపునిండా అన్నం. వండేది మనుషులు కాదు, మరబొమ్మలు. కందాచారి అనే ముసలి వడ్రంగి పొణికి కర్రతో చెక్కి, కడుపులో మర బిగించిన బొమ్మలు. వాటికి పని చెప్పేది నాంచారి.

బొమ్మలు మంచివే. చెప్పింది చెప్పినట్టు చేసేవి. చెప్పనిది రవ్వంత కూడా చేసేవి కావు. "నీళ్ళు పోయండి" అని ఊరుకుంటే నేలమీదే పోసేవి. అందుకని నాంచారి తెల్లవారగానే మొదలుపెట్టేది. బియ్యంలో రాళ్ళు ఏరండి, కడగండి, ఎసరు పెట్టండి, ఎసరు మరిగాక బియ్యం పోయండి, ఉప్పు వేయండి, గంజి వార్చండి. అన్నం అయ్యాక పప్పు. పప్పు అయ్యాక పులుసు. మళ్ళీ పడవ వస్తే మళ్ళీ మొదటినుంచీ.

ఆ ఏడు వానలు విడవలేదు. ఏరు పొంగింది. సత్రం అరుగులు జనంతో నిండిపోయాయి. చెప్పి చెప్పి నాంచారి గొంతు గీరుకుపోయింది. ఇలాగే అరిస్తే ఆ గొంతు మరి తిరిగిరాదని వైద్యుడు చెప్పాడు.

నాంచారికి బెంగ పట్టుకుంది. కూతురు సుభద్ర అవతలి ఒడ్డున నిండు నెలలతో ఉంది. ఏరు పొంగి పుట్టింటికి రాలేకపోయింది. నీళ్ళు తగ్గగానే నేనే వస్తానని నాంచారి కబురు పంపింది. వెళ్ళేది ఎలా? సత్రాన్ని ఎవరు చూస్తారు? వెళ్ళినా, పుట్టినబిడ్డకు జోలపాడే గొంతు లేని అమ్మమ్మ ఏం అమ్మమ్మ?

అప్పుడు ఆ పాట గుర్తుకొచ్చింది. నాట్లు వేసేచోట వాళ్ళమ్మ "చెంగల్వా" అని ఒక్క మాట అనేది. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా మిగిలిన చరణం తామే పాడేసేవారు. అమ్మ గొంతుకు విశ్రాంతి. పాటా ఆగేది కాదు, పనీ ఆగేది కాదు.

బొమ్మలకూ అలా నేర్పగలమా అని నాంచారి కందాచారిని గుసగుసగా అడిగింది. ముసలాయన గడ్డం గోక్కున్నాడు. బొమ్మల చెవుల దగ్గర ఏవో చీలలు బిగించాడు.

"నేర్చుకుంటాయి అమ్మాయీ. నువ్వు ఒక్క మాట అంటే, ఆ మాట తీసేసి, దాని కింద నువ్వు దాచిన మాటలన్నీ అక్కడ పెట్టుకుంటాయి. కానీ అవి ఆలోచించవు సుమా. ఆ పని నీదే."

అన్నం వండే మాటలన్నిటికీ కలిపి నాంచారి 'చెంగల్వ' అని పేరు పెట్టింది. పప్పు వండే మాటలకు 'మల్లె'. మర్నాడు పొద్దున్న "చెంగల్వ, మల్లె" అని మెల్లగా అంది. అంతే. బొమ్మలు కదిలాయి. ఎసరు మరిగింది, పోపు ఘుమఘుమలాడింది. నాంచారి అరుగుమీద కూర్చుని, వేడినీళ్ళు కొద్దికొద్దిగా తాగుతూ చూస్తూ ఉండిపోయింది. కొద్దిరోజులకే గొంతు కాస్త విచ్చుకుంది.

మురిపెం ఎక్కువైతే ఏమవుతుంది? పూలు పెరిగిపోతాయి. పప్పూ అన్నం కలిపి ముద్దపప్పుకూడు చేయాలని 'జడ' అని కొత్త మాట కట్టింది నాంచారి. చెంగల్వ, మల్లె, రెండూ కలపండి, ఉప్పు వేయండి, నెయ్యి పోయండి. బాగానే ఉంది అనుకుంది. చెంగల్వలో ఉప్పుంది, మల్లెలో ఉప్పుంది, ఆ సంగతి పూల కింద కనబడలేదు.

ఆ పూట పంక్తిలో ఒక ఉప్పు వర్తకుడు కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, నా సరుకు పడవలోనే ఉందనుకున్నాను. ఎప్పుడు దించావు నా విస్తట్లోకి?"

పంక్తంతా నవ్వింది. నాంచారీ నవ్వింది గానీ మొహం ఎర్రబడింది. 'జడ'ను ఎంత వెతికినా అందులో ఒక్క ఉప్పే కనబడింది. చెంగల్వనూ మల్లెనూ కూడా విప్పుకుని చూస్తేగాని తప్పెక్కడో దొరకలేదు.

తర్వాత 'సంపెంగ' కట్టింది. నేను చెప్పినదాన్ని శుభ్రంగా ఉందో లేదో చూడండి, నేను చెప్పినదాన్ని కాచండి, నేను చెప్పినదాన్ని పిల్లలకు పోయండి. "సంపెంగ, గట్టుమీది బిందె" అంటే చక్కగా మంచినీళ్ళు కాగి వచ్చేవి. ఒకరోజు పసిపిల్లల కోసం "సంపెంగ, నల్లావును పితికిన చెంబెడు పాలు" అంది.

బొమ్మలు ఆవును పితికి, పాలు శుభ్రంగా ఉన్నాయని చూసి పక్కన పెట్టాయి. మళ్ళీ పితికి కాచాయి. మళ్ళీ పితికి, ఆ పచ్చిపాలే పిల్లల గిన్నెల్లో పోయబోయాయి. దూడకు చుక్క మిగల్లేదు. అది అంబా అంటే ఆవుకు కోపం వచ్చి ఒక్క తన్ను తన్నింది. బొమ్మ చెయ్యి ఊడి గడ్డిమేట మీద పడింది.

కందాచారి ఆ చెయ్యి అతికిస్తూ నవ్వాపుకోలేకపోయాడు. బొమ్మలకు నాంచారి ఇచ్చింది పాలచెంబు కాదట, పాలు పితికే పని. ఆ పనిని ఎన్నిచోట్ల పెడితే అన్నిసార్లు చేశాయట. ముందు పితికి చెంబులో ఉంచు, తర్వాత ఆ చెంబును చూపించు అన్నాడు. నాంచారి తలూపి, దూడ మెడ నిమిరి, రెండు పచ్చగడ్డి పరకలు పెట్టింది.

ఇంతలో ఏరు తగ్గింది. సుభద్రకు నొప్పులు మొదలయ్యాయని అవతలి ఒడ్డునుంచి కబురొచ్చింది. నాంచారి బదులు సత్రం చూడడానికి ఆమె వదిన పేరిందేవి వచ్చింది. పేరిందేవి వంట అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నోరూరేది. ఆవిడ వంటశాలలో అటూ ఇటూ తిరిగింది. బొమ్మలను చూసింది. నాంచారి గడగడా చెప్పిన పేర్లన్నీ విన్నది. నడుంమీద చెయ్యి పెట్టుకుంది.

"వదినా, వంట నాకొచ్చు. నీ తోటలో పూలే నాకు తెలీవు. అరుగుమీద చంటివాడు దగ్గుతున్నాడు, వాడికి ఏ పువ్వు అనాలి?"

"మొగలి అను. కషాయం."

"అందులో ఏమేం వేస్తావు?"

నాంచారి నోరు తెరిచింది. అల్లం ఉంది. తులసి ఉంది. ఆ తర్వాత ఏదో ఉంది. ఎంత తడుముకున్నా అందలేదు. రోజూ 'మొగలి' అనడమే గానీ, ఆ మాట కింద తను ఏం దాచిందో తనే మరిచిపోయింది. పాట ఆగినచోటే కషాయమూ ఆగిపోయింది.

రేవులో పడవవాడు శంఖం ఊదాడు. ఆ పడవ తప్పితే మర్నాటిదాకా ఇంకొకటి లేదు. నాంచారి ఇటు చంటివాణ్ణి చూసింది, అటు ఏటిని చూసింది. చేతిలో మూట కింద పెట్టేసింది.

"తెలియని కషాయం పసివాడికి పోయమని చెప్పి ఎలా వెళ్ళను తాతా?"

పక్కనే బొమ్మల మరలు సరిచూస్తున్న కందాచారి లేచి, ఒక బొమ్మ చెవి వెనక ఇంకొక చీల బిగించాడు. "విప్పు, మొగలి" అన్నాడు. బొమ్మ పని చేయలేదు. నాంచారి నేర్పిన మాటలన్నీ ఆమె తడబాట్లతో సహా వల్లించింది. అల్లం దంచండి, తులసి వేయండి, మిరియాలు వేయండి, ఆఁ ఆఁ, పసిపిల్లలకైతే మిరియాలు వద్దు, తేనె చాలు.

నాంచారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పేరిందేవి అప్పటికే తేనె సీసా వెతుకుతోంది.

వదినా మరదళ్ళు గబగబా ఒక్కొక్క పువ్వునూ విప్పించి విన్నారు. అక్కర్లేనివి తీసేశారు. చెంగల్వా, మల్లే, మొగలీ ఉంచారు. జడలో ఉప్పు తీసేసి అదీ ఉంచుదామంది నాంచారి. పేరిందేవి ఒప్పుకోలేదు. "పప్పూ అన్నం కలపడానికి కూడా పేరెందుకు వదినా, బొమ్మలు నవ్విపోతాయి" అంది.

పడవవాడు ఆఖరి శంఖం ఊదేలోగా కందాచారి మూట మోసుకుంటూ నాంచారిని రేవుదాకా దిగబెట్టాడు. పడవ ఎక్కాక ఆమె కాస్త సిగ్గుపడుతూ చెప్పింది. గొంతయితే వచ్చింది గానీ, బిడ్డకు పాడదామంటే ఆ చెంగల్వ పాటలో సగమే గుర్తుందని.

పడవ కదిలింది. ముసలాయన మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చెప్పాడు.

"మరిచినచోట నీకు తోచిన మాటలు వేసి పాడు తల్లీ, పసిబిడ్డ కోప్పడదు. నలుగురి పని నడిచేచోట మాత్రం, పెద్ద పనిని చిన్న మాటలో దాచినవాళ్ళు దాన్ని విప్పి చూసుకునే దారి కూడా ఉంచి వెళ్ళాలి."