గొడుగు పట్టిన చెయ్యి

పరబ్రహ్మం మాస్టారికి ఏదీ పారేసే అలవాటు లేదు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. బందరులో మా ఫొటోగ్రఫీ క్లబ్బు పెట్టిందీ ఆయనే, ఇన్నేళ్లూ నడిపిందీ ఆయనే. ఆదివారం పొద్దున టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద చేరి, తలా ఒక ప్రింటు బల్ల మీద పెట్టేవాళ్లం. చర్చ అయిపోయాక ఆ ప్రింట్లన్నీ ఏరుకుని మాస్టారు ఒక రేకు పెట్టెలో వేసుకునేవారు. తీసినవాళ్లకే అక్కర్లేని బొమ్మలు ఈయనకి దేనికని నేను విసుక్కునేవాణ్ణి. క్లబ్బు కార్యదర్శిని నేనే కాబట్టి, ఆ పెట్టె ఎక్కడ పెట్టినా నా కాళ్లకే తగిలేది.

మా చర్చ పద్ధతి ఒకటుంది. రెండు నల్ల అట్టముక్కలు, మూలమట్టం ఆకారంలో కత్తిరించినవి, ప్రింటు మీద ఎదురెదురుగా పెడితే చట్రంలా అవుతాయి. వాటిని అటూ ఇటూ జరుపుతూ పనికిరాని భాగాన్ని కప్పేస్తాం. మిగిలిందే ఫొటో. తీసినాయన ఇంటికెళ్లి కంప్యూటర్లో అంతవరకే ఉంచి మిగతాది తీసేస్తాడు. ఈ పనిలో మా అందరికన్నా చెయ్యి తిరిగింది హైమకి. బ్యాంకులో ఉద్యోగం చేసే పిల్ల, చేరి ఏడాది కాలేదు, అట్టలు చేతిలోకి వస్తే మాత్రం ఎవరి మొహమాటమూ చూసేది కాదు. ఒక ఆదివారం అందరూ వింటుండగా అడిగింది.

"మాస్టారూ, ఫొటోలో ఏది అక్కర్లేదో ఖాయంగా ఎలా తెలుస్తుంది?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, టీ చల్లారిపోతోంది తాగమ్మా అన్నారు. పెద్ద ఉపన్యాసం వినొచ్చని సర్దుకు కూర్చున్నవాళ్లం మళ్లీ వెనక్కి జారిపోయాం.

మా క్లబ్బులో ఏసుపాదం అని ఒకాయన ఉన్నాడు. బస్సు కండక్టరుగా చేసి దిగిపోయాక కెమెరా పట్టాడు. భార్య కరుణమ్మని స్కూటరు వెనక ఎక్కించుకుని గిలకలదిండి రేవుకో, ఉప్పు మడులకో పొద్దున్నే వెళ్లిపోయేవాడు. ఎండ ఏటవాలుగా ఎదురొస్తుంటే తీయడం ఆయన పిచ్చి. ఆ ఎండ తిన్నగా లెన్సులో పడితే బొమ్మ పాలిపోతుంది. అందుకని ఆవిడ పక్కన నిలబడి గొడుగు పట్టేది. ఆయన లెన్సు చూస్తే మరీ వెడల్పాటిది. ఎంత ఒదిగి నిలబడ్డా ఫొటోలో కుడివైపు అంచున ఆవిడ మోచెయ్యో, కొంగో, గొడుగు ఊచో వచ్చి కూర్చునేది. కరుణమ్మగారు వచ్చేశారండోయ్ అని మేం నవ్వి అట్ట జరిపేవాళ్లం. ఆయనా మాతోపాటు నవ్వేవాడు. ఇంటికెళ్లి ఆ అంచు కత్తిరించి, అసలు బొమ్మ మీదే సేవ్ చేసేసేవాడు. ఇంతమంది పెద్దలు వద్దన్న చెత్త దాచుకోవడం దేనికని ఆయన ఉద్దేశం. అలా కత్తిరించినవాటికి బహుమతులు కూడా వచ్చాయి.

హైమ అడిగిన మరుసటి ఆదివారం ఏసుపాదం చాలా రోజులకి మేడ ఎక్కాడు. గడ్డం పెరిగిపోయి, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఉన్నాడు. కరుణమ్మ పోయిన సంగతి మాకు తెలుసు, సమాధుల తోట దాకా వెళ్లొచ్చాం. వచ్చే శుక్రవారం జ్ఞాపకార్థ కూడిక అనీ, చర్చిలో బల్ల మీద పెట్టడానికి ఆవిడ ఫొటో కావాలనీ చెప్పాడు. ఆధార్ కార్డులోది పెద్దది చేయిస్తే ఎవరో పోలీసులకి దొరికిన మనిషిలా ఉందట. ఆవిడ ఎన్నడూ కెమెరా ముందుకి రాలేదు. నా మొహానికి ఫొటో ఒకటా అని చెయ్యి అడ్డం పెట్టేదట, ఈయనా బతిమాలలేదు. పిల్లలు లేరు కాబట్టి ఇంకొకరి ఫోనులో ఉంటుందన్న ఆశ కూడా లేదు.

"ఇంట్లో అన్ని ఫొటోలున్నాయి కదా మాస్టారూ," అన్నాడు, "అన్నీ వెతికాను. ఒక్కదాంట్లోనూ లేదు."

ఆ మాటకి మా ఎవ్వరికీ తలెత్తి ఆయన వంక చూసే ధైర్యం లేకపోయింది. మాస్టారు లేచి రేకు పెట్టె బల్ల మీదికి ఎత్తించారు. అడుగుదాకా వెతికి ఏసుపాదం తెచ్చిన ప్రింట్లన్నీ తీశారు. ఏ అంచూ కత్తిరించనివి. పడవలు, ఆరేసిన వలలు, ఉప్పు కుప్పలు, నీళ్ల మీద వెలుగు. వాటిని బల్ల నిండా పరిచి, అట్టముక్కలు హైమ చేతికిచ్చారు. ఆ పిల్ల అలవాటు కొద్దీ పడవ చుట్టూ పెట్టబోయింది. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా కుడివైపు అంచుకి జరిపారు.

పడవ అట్ట కిందికి పోయింది. మేం వహ్వా అన్న వెలుగంతా పోయింది. ఒక ప్రింటులో మోచెయ్యి మిగిలింది, ఇంకోదాంట్లో గాలికి లేచిన కొంగు, ఇంకోదాంట్లో బురద అంటిన చెప్పు. ఎక్కడో ఒకచోట మొహం ఉండకపోతుందా అని చివరి ప్రింటు దాకా నాకూ ఆశగానే ఉంది. లేదు.

ఏసుపాదం ఏడవలేదు. బల్ల మీదికి వంగి ఒక్కొక్కటే చూస్తూ, ఇది చినుకులు పడ్డ రోజు, ఇది మాత్ర వేసుకోకుండా బయల్దేరానని తిట్టిన రోజు అని తనలో తను చెప్పుకుంటూ పోయాడు. ఒకదాని దగ్గర ఆగాడు. గొడుగు కర్ర పట్టుకున్న చెయ్యి, మణికట్టు దాకా. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది, ముందురోజు చేపలు కోస్తుంటే కత్తిపీటకి తెగిందట. చెయ్యి మీద ఎండ సూటిగా పడుతోంది.

"గొడుగు కెమెరాకి పట్టేది మాస్టారూ. తను ఎండలోనే నిలబడేది. నేనెప్పుడూ అటు చూళ్లేదు."

ఆ ఒక్కటీ ఇమ్మని అడిగాడు. దాన్నే పెద్దది చేయించి చర్చిలో పెడతానన్నాడు. మొహం లేని ఫొటో పెడితే జనం ఏమనుకుంటారోనని నేను నసిగాను. ఆ చేతి అన్నం తినని ఇల్లు మా పేటలో లేదండీ, చూడగానే గుర్తుపడతారు అని చెప్పి, ప్రింటుని చేతిరుమాల్లో చుట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

హైమ అట్టముక్కలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ల నిండా నీళ్లు. మాస్టారు మిగతా ప్రింట్లు ఒక్కొక్కటే దులిపి పెట్టెలో సర్దుకుంటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"ఏది అక్కర్లేదో ఎలా తెలుస్తుందని అడిగావు కదమ్మా. మనకి ఇన్నాళ్లూ బాగానే తెలిసింది."