కినవ్వ కలిపిన నీళ్ళు

అనగా అనగా, మనకంటే ముందు పొద్దు పొడిచే జపాను దేశంలో, మంచుకొండల నడుమ ఓ సత్రం ఉండేది. ఎప్పుడంటారా, మా తాతల తాతలకి కూడా తెలీని కాలం. సత్రం వెనకాల బండరాళ్ళ సందులోంచి సలసల కాగే నీళ్ళు ఊరి, మడుగు కట్టేవి. పొయ్యి లేదు, కట్టెల్లేవు. కొండే కాచి ఇచ్చేది. ఆ నీళ్ళలో కూర్చుంటే ఒంటినొప్పులు పోతాయని, కనుమ దాటే బాటసారులంతా అక్కడ ఆగేవాళ్ళు.

ఆ నీళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఒంటిమీద పడితే తోలు ఊడిపోతుంది. పొడవాటి చెక్క పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కలపాలి. కలపగా కలపగా ఒంటికి పట్టే వేడికి వస్తాయి. ఆ పని చేసే మనిషి పేరు కినూ. ముసలిదైపోయింది, అందరూ కినవ్వ అనేవాళ్ళు. ఎవరైనా తొందరపడి కాలు పెట్టబోతే, "నీళ్ళింకా కుదురుకోలేదు నాయనా, కాస్త ఆగు" అనేది. అంతకు మించి మాట్లాడేది కాదు. వచ్చిన ప్రతి మగమనిషి మొహాన్నీ మాత్రం ఒకసారి తేరిపార చూసేది. చూసి, తల వంచుకుని, మళ్ళీ నీళ్ళు కలుపుకునేది. ఎందుకలా చూస్తుందో ఎవరూ అడగలేదు.

ఆ సత్రంలో ఒకటే కట్టుబాటు. కత్తి ఉన్నవాళ్ళు దాన్ని గుమ్మం దగ్గర కినవ్వకి ఇచ్చి లోపలికి రావాలి.

ఒక చలికాలం ఇసాకు అనే నడివయసు మనిషి వచ్చాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవదు. ఎడమచెవి సగం తెగిపోయి ఉంది. కత్తి ఇచ్చి, గదిలోకి వెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు మంచు పట్టుకుంది. దూది పింజలు పింజలుగా రాలుతూ, దారీ డొంకా ఒకటైపోయాయి. ఆ మంచులో గెంజో అనే ఇంకో మనిషి వచ్చాడు. మోకాళ్ళదాకా తడిసిపోయి ఉన్నాడు.

"అవ్వా, చెవి సగం తెగిన మనిషెవరైనా ఇటొచ్చాడా?" అన్నాడు.

కినవ్వ అతని మొహం చూసింది. చేతిలోని కత్తి చూసింది. ఆమెకి సంగతి అర్థమైపోయింది.

"ఆవిరిలో చెవులెవరు చూస్తారు నాయనా," అంది. "దారి మూసుకుపోయింది. ఎవరూ ఎక్కడికీ పోలేరు. కత్తి ఇటిచ్చి, స్నానం చెయ్యి."

ఆ సత్రంలో అప్పుడు వేరే బాటసారులు లేరు. మడుగు ఒకటే. ఇద్దరినీ వేరువేరు వేళల్లో పంపొచ్చు. కినవ్వకి ఆ ఆలోచన రాకపోలేదు. పంపి ఏం లాభం, మంచు విడిచాక వీడు వాణ్ణి ఎక్కడైనా పట్టుకుంటాడు అనుకుంది. గెంజోకి దూరపు గది ఇచ్చి, తిండి ఎవరి గదికి వాళ్ళకే పంపి, స్నానానికి మాత్రం ఇద్దరినీ ఒకే వేళకి పిలిచింది. నీళ్ళని అడుగునుంచీ గట్టిగా తిరగేసింది. ఆవిరి లేచింది. పైనుంచి మంచు, కిందనుంచి ఆవిరి. మధ్యలో లోకమంతా తెల్లగా, మెత్తగా, చప్పుడు లేకుండా అయిపోయింది. మడుగుకి ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు. గొంతులు తప్ప మనుషులు కనబడరు.

మొదటిరోజు నీళ్ళ గురించి మాట్లాడుకున్నారు. "ఎముకల్లోకి దిగుతోంది వేడి," అన్నాడొకడు. "అవును," అన్నాడు రెండోవాడు. అంతే.

రెండోరోజు ఇళ్ళ గురించి మాట్లాడుకున్నారు. చూరుకి వేలాడగట్టి ఎండబెట్టే పళ్ళ గురించి, ఊరబెట్టిన ముల్లంగి గురించి. గెంజో నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. కళ్ళు మూసుకుని నీళ్ళలో తేలుతూ, "నీ మాట వింటుంటే ఇంట్లో ఉన్నట్టుంది అన్నా," అన్నాడు.

మూడోరోజు ఇసాకు తన చెయ్యి గురించి చెప్పాడు.

"దెబ్బేం తగల్లేదు తమ్ముడూ. రేవు దగ్గర, పడవలో చోటు కోసం, తాగిన మత్తులో ఒకతనితో గొడవపడ్డాను. అతను నా చెవి కోశాడు. నేనతన్ని చంపేశాను. మర్నాటినుంచీ ఈ చెయ్యి లేవదు. వైద్యులు ఏమీ లేదంటారు."

ఆవిరిలో అవతలి చివర నీళ్ళు కదిలిన చప్పుడైంది. గెంజో ఒడ్డెక్కి, తడిబట్ట చుట్టుకుని, గుమ్మం వైపు నడిచాడు.

గుమ్మంలో కినవ్వ చెక్క అడ్డంగా పట్టుకుని నిలబడింది.

"నీళ్ళింకా కుదురుకోలేదు నాయనా."

"తప్పుకో అవ్వా. వాడు చంపింది మా అన్నని."

"తప్పుకుంటాను. ఒక్కమాట విని తీసుకో." అంతసేపు మాట్లాడడం కినవ్వకి అలవాటు లేదు. "మా ఆయన్ని ఎవరో పొడిచి చంపారు. మా తమ్ముడు పగ తీర్చుకొస్తానని ఈ కనుమ మీదుగా వెళ్ళాడు. తీర్చుకున్నాడో, వాడే పోయాడో తెలీదు. వస్తే ఈ దారినే రావాలని ఇక్కడ పనికి కుదిరాను. అప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది. మీ ఇంట్లో ఎవరున్నారు?"

"మా వదిన."

"పొమ్మని ఆవిడ చెప్పిందా?"

"వద్దంది," అన్నాడు గెంజో. "కాళ్ళు పట్టుకుని ఏడ్చింది."

కినవ్వ చెక్క దించి పక్కకి జరిగింది. కత్తి అక్కడే గోడకి ఆనించి ఉంది.

ఈలోగా ఇసాకు బయటికొచ్చాడు. ఆ మాటలన్నీ విన్నాడు. మంచులో మోకాళ్ళమీద కూర్చుని మెడ వంచాడు. తెగిన చెవి మీద మంచు పడుతోంది. "నీ ఇష్టం," అన్నాడు.

గెంజో కత్తి అందుకున్నాడు. ఆ వంచిన మెడ వైపు చూస్తూ నిలబడ్డాడు. నిన్న తను అన్నా అని పిలిచింది ఈ మనిషినే. చేతిలో కత్తి బరువెక్కింది. దాన్ని మళ్ళీ గోడకి ఆనించాడు.

"తల తడిగా ఉంది. లోపలికి రా, చలి కొడుతుంది," అన్నాడు.

అన్నా అనలేదు. రమ్మన్నాడు, అంతే.

మంచు విడిచాక చెరో దారిన వెళ్ళిపోయారు. మరుసటి చలికాలం, మొదటి మంచు పడగానే, పిలవకుండానే ఇద్దరూ వచ్చారు. ఆ పైయేడూ వచ్చారు. మడుగులో ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు కూర్చునేవాళ్ళు. కినవ్వ నీళ్ళు కలిపేది. వచ్చిన ప్రతి మొహాన్నీ చూస్తూనే ఉండేది. ఆమె తమ్ముడు మాత్రం రాలేదు.

ఒక ఏడు వాళ్ళొచ్చేసరికి కినవ్వ పోయింది. నిద్దట్లోనే పోయిందని సత్రంవాళ్ళు చెప్పారు. ఆ కొండల్లో చనిపోయిన బీదవాళ్ళని గుండ్రటి చెక్కతొట్టిలో కూర్చోబెట్టి, వెదురు బొంగుకి వేలాడదీసి, ముందొకరూ వెనకొకరూ మోస్తారు. కినవ్వకి నా అన్నవాళ్ళు లేరు. ఎవరు మోస్తారని సత్రంవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

గెంజో ముందుకొచ్చాడు. ఇసాకు కూడా వచ్చాడు. ఇసాకు చెయ్యి పైకి లేవదు కదా, గెంజో వంగి బొంగుని అతని భుజం మీదికి ఎక్కించాడు. తర్వాత రెండోకొస తను ఎత్తుకున్నాడు. ఇద్దరూ అడుగులో అడుగు కలిపి కొండెక్కారు. ఒకడు తొందరపడితే రెండోవాడు తూలతాడు. అందుకని మెల్లగా నడిచారు. మంచు కురుస్తూనే ఉంది. సగం దారిలో గెంజో, "బరువుగా ఉందా అన్నా?" అని అడిగాడు. ఇసాకు లేదన్నాడు. అతని కళ్ళెంట నీళ్ళు కారుతూ ఉన్నాయి.

అప్పటినుంచీ ఆ కొండల్లో ఓ ఆనవాయితీ. మొదటి మంచు పడ్డరోజున, ఊళ్ళో ఒకరితో ఒకరికి మాటలు లేని ఇద్దరిని పెద్దలు పిలుస్తారు. అన్నదమ్ములు కావొచ్చు, అత్తాకోడళ్ళు కావొచ్చు. చేద నిండా మడుగునీళ్ళు పట్టి, ఒకే బొంగుకి తగిలించి, ఇద్దరి భుజాలకీ ఎత్తుతారు. ఒలకకుండా కొండెక్కి, కినవ్వని పాతిపెట్టిన చోట పొయ్యాలి. అడుగులు కలవకపోతే నీళ్ళు మిగలవు. పోసినచోట మంచు కరిగి, గుప్పున ఆవిరి లేస్తుంది. కాసేపు ఒకరి మొహం ఒకరికి కనబడదు. ఆ కాసేపట్లో ఏం మాట్లాడుకుంటారో ఎవరూ అడగరు.

దిగేటప్పుడు చేద ఖాళీగా ఉంటుంది, ఒక్కరు పట్టుకొచ్చినా సరిపోతుంది. అయినా ఇద్దరూ కలిసే మోసుకొస్తారు.

కథ ఆ కొండమీదే ఉంది. మనం దిగి వచ్చేశాం.