జెర్వే చేసిన మొదటి వైన్

బ్రదర్ జెర్వేకి మూడు రోజులుగా తిండి సయించడం లేదు.

ఫ్రాన్సు దేశంలో, లువార్ నది సముద్రంలో కలిసే చోట ఒక చిన్న మఠం ఉండేది. పదకొండుమంది సన్యాసులు, చుట్టూ ద్రాక్షతోట. తోటకీ, వైన్ చేసే పనికీ పెద్దదిక్కు ఫాదర్ ఒడిలాన్. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లు మొరాయిస్తున్నాయని నిరుడు పనంతా శిష్యుడు జెర్వే చేతిలో పెట్టేశాడు. కాయ కోసింది మొదలు రసం పీపాల్లో పోసి, అడుగున దిగిన మడ్డి మీదే చలికాలమంతా ఉంచి, వసంతంలో సీసాల్లోకి దింపేదాకా జెర్వేయే చూసుకున్నాడు. అది అతను చేసిన మొదటి వైన్.

ఇప్పుడు పెద్ద మఠం నుంచి మఠాధిపతి మాక్సెన్స్ వస్తున్నాడు. ద్రాక్షతోట ఉంచాలా, పీకేసి బంగాళాదుంపలు వేయాలా అన్నది ఆయనే తేల్చాలి.

జెర్వే ఒక గ్లాసు పోసుకుని రుచి చూశాడు. నీళ్లలా తేటగా ఉంది. నాలుక మీద నిమ్మచెక్క రాసినట్టు పుల్లగా తగిలి, చివర్లో రవ్వంత ఉప్పగా అనిపించి, చల్లగా జారిపోయింది. పూలవాసన లేదు. తేనెతీపి లేదు.

"దీన్ని ఆయన ముందు ఎలా పెట్టను, ఫాదర్? ఏం చూసి మెచ్చుకుంటాడు?"

"మెచ్చుకోవాలా?" అన్నాడు ఒడిలాన్, తోటలో వంగి ద్రాక్షతీగని కర్రకి కడుతూ.

ఆ మాట జెర్వేకి నచ్చలేదు. వైన్ పరువు వంటతోనైనా నిలబెట్టాలనుకున్నాడు. ఆ రోజు వంటిల్లు తనకే ఇమ్మని అడిగి తీసుకున్నాడు. బాతుమాంసాన్ని మీగడా, మిరియాలూ, తేనే పోసి, చిక్కటి పులుసుగా వండాడు.

మధ్యాహ్నం మఠాధిపతి భోజనానికి కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని, బావినీళ్లలో చల్లబెట్టిన వైన్ ఒక గుక్క తాగాడు. పచ్చి చింతకాయ కొరికినట్టు ముఖం ముడుచుకుంది.

"బాగానే ఉంది," అన్నాడు మర్యాదకి. గ్లాసు పక్కకి జరిపాడు. "అవునుగానీ, ఇక్కడి నేల బంగాళాదుంపలకి బ్రహ్మాండంగా ఉంటుందట కదా?"

జెర్వే చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడ్డాడు. నేల ఎలాంటిదో చెప్పాడు. సముద్రపు గాలి గురించి చెప్పాడు. మడ్డి గురించి చాలా సేపు చెప్పాడు. పళ్లాల్లో బాతు చల్లారిపోతోంది. ఒక ముసలి సన్యాసి కునుకు తీశాడు.

ఒడిలాన్ మెల్లగా లేచి, కుంటుకుంటూ బయటికి వెళ్లాడు. జెర్వే ఇంకా మడ్డి దగ్గరే ఉండగా తిరిగొచ్చాడు. ఆయన వెనకాల, సముద్రపు ఒడ్డున ఆల్చిప్పలు పెంచుకునే పెర్రీన్. ఆమె చంకలో పెద్ద బుట్ట, బుట్టలోంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి.

"ఇప్పుడే తీశాను అయ్యల్లారా! ఇంకా ఊపిరాడుతోంది వీటికి," అంది పెర్రీన్, బుట్ట దించుతూ.

ఒడిలాన్ శిష్యుడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. చేతిలో పొట్టి కత్తి పెట్టాడు.

"ఇవి తెరిచి పెట్టు, నాయనా."

కత్తి జారితే వేలు తెగుతుంది. జెర్వే నోరు మూసుకుని పనిలో పడ్డాడు. ఒక్కో చిప్పా తెరిచి, లోపలి నీరు ఒలికిపోకుండా పళ్లెంలో పేర్చాడు. ఎవరో రొట్టె కోశారు. ఎవరో వెన్న తెచ్చారు.

మఠాధిపతి ఒక ఆల్చిప్ప ఎత్తి, లోపలి మాంసాన్ని పచ్చిగానే నోట్లోకి జార్చుకున్నాడు. అలవాటుగా గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. ఆగిపోయాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇంకోటి ఇటివ్వండి," అన్నాడు.

ఆరోది తినేసరికి అంగీ చేతులు పైకి మడిచాడు. పదోదానికి, చిన్నప్పుడు నాయనమ్మ వెంట మోకాళ్లలోతు నీళ్లలో చిప్పలేరిన సంగతి ఎత్తుకున్నాడు. పెర్రీన్ వంటింట్లో దూరి చిన్నచేపలు వెన్నలో కరకరలాడేలా వేయించుకొచ్చింది. కునుకు తీసిన ముసలాయన లేచి పాటందుకున్నాడు. మఠాధిపతి ఆల్చిప్పల్ని మెచ్చుకున్నాడు, చేపల్ని మెచ్చుకున్నాడు, రొట్టెనీ, వెన్ననీ, పెర్రీన్ చేతివంటనీ మెచ్చుకున్నాడు. చివరికి పాటని కూడా మెచ్చుకున్నాడు.

పొద్దు వాలుతుండగా గుర్రబ్బండి ఎక్కాడు.

"వచ్చే ఏడూ ఈ రోజుకే వస్తాను. అన్నీ ఇలాగే ఉండాలి!"

"మరి బంగాళాదుంపలు?" అని అడిగారెవరో.

"ఏ బంగాళాదుంపలు?" అన్నాడు మఠాధిపతి. బండి కదిలింది.

అందరూ నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. జెర్వే మాత్రం నవ్వలేదు. బల్ల తుడుస్తూ అన్నాడు:

"తోట దక్కింది, సంతోషమే ఫాదర్. కానీ వెన్నని కూడా మెచ్చుకున్నాడే! నా వైన్ గురించి ఒక్క మాటైనా అనలేదు."

ఒడిలాన్ బల్ల మీది సీసాల్ని ఒక్కొక్కటిగా ఎత్తి బోర్లించాడు. మొత్తం తొమ్మిది. ఒక్క చుక్క రాలలేదు.

"అనడానికి నోరు ఖాళీ అయితేగా, నాయనా," అన్నాడు.