గురవయ్య చేర్చిన ముక్క

యుద్ధం గెలిచిన ఒక రాజు, చట్టాలు చేసే సభకు ఊరికొకరిని ఎన్నుకోమన్నాడు. వెదురుగూడెం వాళ్లు బుట్టలల్లే గురవయ్యను పంపారు. అతని ముగ్గురు కొడుకులూ ఆ యుద్ధంలో పోరాడి వచ్చినవాళ్లే.

మొదటిరోజే, ఐదొందల ఎకరాల జగ్గప్పదొర లేచాడు. "భూమి లేనివాడికి దేశం గురించి ఏం పట్టింపు ఉంటుంది? ఎకరాలను బట్టే సభలో చోటివ్వాలి."

గురవయ్య చేతులు కట్టుకుని లేచాడు.

"దొరగారన్నది బాగుంది. దానికి ఒక్క ముక్క చేర్చండి. ఇకమీదట సైన్యంలోకీ ఎకరాలను బట్టే తీసుకోవాలి. పదెకరాలకొకడు, అదీ ఆ ఇంటి బిడ్డే."

"అయితే మీ ఇంటినుంచి యాభైమంది," అన్నాడు రాజు, దొరవైపు తిరిగి.

"నాకున్నది ఒక్కడే కదా, ప్రభూ," అని నసిగి, జగ్గప్పదొర తన మాట వెనక్కి తీసుకున్నాడు.

ఆ పూటే గురవయ్య కొడుకులకు కబురంపాడు: "బుట్టలు మీరే అల్లుకోండర్రా, నాకిక్కడ చాలా పనుంది."