తల తేలిక

కుర్ర డాక్టర్ ఫణిశేఖర్‌కి పెద్ద చిక్కే వచ్చిపడింది. ఆసుపత్రిలో దిగులు జబ్బుకు మందు వాడుతున్నవాళ్లు కళ్లముందే బాగుపడుతున్నారు. అతని కాగితం మీద మాత్రం పాడైపోతున్నారు.

ఆ కాగితం అతను ఆర్నెల్లు కూర్చుని తయారుచేసింది. మందువల్ల వచ్చే ఇబ్బందుల గురించి అడిగే ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగు చేశాడు. అసలు ప్రశ్నలు చూడని మరొకాయన ఆ తెలుగును తిరిగి ఇంగ్లీషు చేస్తే, పొల్లుపోకుండా మొదటిదే వచ్చింది. ఆ రోజు నుంచి ఫణిశేఖర్ మెడ బెత్తెడు పొడుగైందని కాంపౌండరు సత్తిబాబు అంటాడు. సత్తిబాబు మాటలో సగం తీసేసినా రెండు వేళ్ల పొడుగు మిగులుతుంది.

తంటా అంతా పదకొండో ప్రశ్నతోనే. కళ్లు తిరిగి తూలినట్టుందా అని అడగాల్సినచోట ఇంగ్లీషులో 'లైట్‌హెడెడ్' అని ఉంది. లైట్ అంటే తేలిక, హెడ్ అంటే తల. "తల తేలికగా ఉంటోందా?" అని రాశాడు ఫణిశేఖర్.

బాగుపడినవాళ్లంతా "చాలా" అన్నారు.

ఆ ఉదయం సన్యాసమ్మ కూడా అదే అంది. మూడు నెలలు గోడకేసి తిరిగి పడుకున్న మనిషి, ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఫణిశేఖర్ ఆమె చీటీ మీద 'మందు ఆపాలి' అని రాశాడు.

"ఇది మీకు పడలేదమ్మా. ఎక్కడైనా తూలి పడిపోతారు."

"మళ్లీ ఆ గోడకేసి తిరిగి పడుకోమంటారేటి బాబూ?"

ఆమెను వరండాలో కూర్చోమని, అతను తనకు చదువు చెప్పిన డాక్టర్ అలివేలు గారి దగ్గరికి నడిచాడు. ఆవిడ మందులు ధారాళంగా రాస్తుంది గానీ, మాటల దగ్గర పరమ పిసినారి. ప్రశ్నల కాగితం ఆవిడ ముందు పెట్టాడు.

"కుదుటపడ్డవాళ్లందరికీ తల తూలుతోంది మేడమ్. ఎందుకంటారు? కొత్త సంగతేదో నా చేతికి చిక్కిందేమో."

"తెలుగు సరిపోయిందా అని ఎవర్నడిగావు?"

"ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లందర్నీ అడిగాను."

ఆవిడ ఆ కాగితం పట్టుకుని లేచి వరండాలోకి వచ్చింది. సన్యాసమ్మ అమ్మడానికి తెచ్చుకున్న పనసకాయల గంప అక్కడుంది.

"ఎత్తుకో. ఆ చివరిదాకా వెళ్లి రా."

ఫణిశేఖర్ నెత్తిన సన్యాసమ్మే చుట్టకుదురు సర్ది, గంప పెట్టింది. సత్తిబాబుకి సరిగ్గా అప్పుడే వరండాలో పని పడింది. తిరిగొచ్చేసరికి పొడుగైన మెడ కాస్తా భుజాల్లోకి దిగిపోయింది.

ఆడవాళ్లిద్దరూ గంప దించారు.

"ఇప్పుడెలా ఉంది తల?" అంది అలివేలు గారు.

"హమ్మయ్య! తేలిగ్గా ఉంది మేడమ్."

ఆవిడ అతని జేబులోంచి పెన్ను తీసుకుని, పదకొండో ప్రశ్న మీద ఆనించింది.

"కొంచెమా, చాలానా?"

"చా..." అని ఆగిపోయాడు.

"ఈ బాబుకీ మందు ఆపేస్తారేటమ్మా?" అంది సన్యాసమ్మ, జాలిగా.

ఫణిశేఖర్ పెన్ను అడిగి తీసుకున్నాడు. ఆమె చేతిలోని చీటీ మీద తను రాసింది కొట్టేశాడు. తర్వాత ఆమె పక్కనే నేలమీద చతికిలబడి, మొదటి ప్రశ్న చదివి, "దీన్ని మీరైతే ఎలా అడుగుతారమ్మా?" అన్నాడు.